గుర్రం పోయిన రేవు

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో బోరోమిర్ అనే యోధుడు తన ప్రయాణం గురించి ఒకచోట ఓ మాట అనేసి ముందుకు పోతాడు. గోండోర్ నుంచి రివెండెల్‌కు అతని లెక్కన నాలుగు వందల లీగుల దారి, అంటే పన్నెండు వందల మైళ్లు. థార్‌బాద్ దగ్గర గ్రేఫ్లడ్ నది దాటుతుండగా గుర్రం పోయిందట, అందుకే నెలల తరబడి పట్టిందట. అంతే. ఆ గుర్రం ఎలా పోయిందని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. థార్‌బాద్ అంటే ఊరో కోటో కూడా అక్కడ తేలదు. నవలలో సగం నడకే. దారి పక్క రాయినీ చెట్టునీ వదలకుండా వర్ణించే జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఈ రేవు దగ్గర మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం నా కంటికి ఆనలేదు. రెండోసారి, పుస్తకంతోపాటు వచ్చే పటం పక్కన పరుచుకుని చదువుతుంటే థార్‌బాద్ కోసం వేలు వెతుక్కుంటూ పోయింది. దొరికింది. దాని చుట్టుపక్కల మాత్రం ఏమీ లేదు. నదికి ఉత్తరాన పెద్ద అక్షరాలతో మిన్‌హిరియత్, దక్షిణాన అంతే పెద్ద అక్షరాలతో ఎనెద్వైత్. ఊళ్ల చుక్కలు లేవు. పటం గీసినవాడికి ఏం పెట్టాలో తోచక అక్షరాలు సాగదీసి చోటు నింపాడేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

మన రెవెన్యూ రికార్డుల్లో ‘బేచిరాగ్’ అని ఒక మాట ఉంది. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ గ్రామమంటే దీపం పెట్టే దిక్కులేని ఊరు. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, హద్దులుంటాయి. మనుషులు మాత్రం ఉండరు. ఎందుకు లేచిపోయారంటే ముసలివాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. గత్తర వచ్చిందనో, చెరువు తెగిందనో, దోపిడీ దండు పడిందనో. కారణం లేకుండా ఊరు బేచిరాగ్ కాదు. టోల్కీన్ పనితనంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది ఇదే. రాజధానుల్నీ యుద్ధాల్నీ కల్పించినవాళ్లు చాలామంది ఉన్నారు. మనుషులు లేని నేలకు, ఎందుకు లేరో చెప్పే చరిత్రను ఇంత ఓపికగా కట్టినవాళ్లు అరుదు. అదీ కథ దాదాపు అడుగు మోపని నేలకు.

ఆ చరిత్ర నవలలో ముక్కలుగా ఉంది. అనుబంధాల్లోని కాలపట్టికలో ఇక్కడో పంక్తి, అక్కడో పంక్తి. మిగతాది టోల్కీన్ 1973లో చనిపోయాక, ఆయన కొడుకు క్రిస్టఫర్ 1980లో కూర్చి ప్రచురించిన ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’లో దొరుకుతుంది. అదైనా కథలా రాసింది కాదు. 1960ల చివర్లో నదుల పేర్ల గురించి భాషాశాస్త్ర చర్చ ఒకటి రాసుకుంటూ గ్వాత్‌లో అనే పేరు దగ్గర ఆగి, పేరుకు అర్థం చెప్పబోయి, ఒక అడవి చావును చెప్పేశాడు. గ్రేఫ్లడ్‌కు ఎల్ఫుల భాషలో పేరు గ్వాత్‌లో.

ఆ పేరును కాస్త దగ్గరగా చూడాలి. ‘గ్వాత్’ అంటే నీడ. రెండవ యుగంలో సముద్రం అవతలి నూమెనోర్ ద్వీపం నుంచి వచ్చిన నావికులు చిన్న పడవల్లో ఈ నదికి ఎదురెక్కారు. ఉప్పుగాలి కొట్టే తీరం దాటగానే అడవి గట్టు దాకా దిగి వచ్చింది. నది వెడల్పైనదే, అయినా మహావృక్షాల నీడ నీటి మీద అంతదూరం పరుచుకునేది. దాని కింద చప్పుడు చేయకుండా తెడ్లు వేసుకుంటూ పోయినవాళ్లు దానికి ‘నీడల నది’ అని పేరు పెట్టారు. ఇంకా పైకి వెళ్లాక బాడవలు, ఊబినేలలు తగిలాయి. అప్పుడు ఆ చిత్తడిని చెప్పే ‘లో’ వచ్చి పేరు చివర చేరింది. ఒక చిన్న పేరు, అందులో రెండు ప్రయాణాలు. ఎవరు ముందు ఎంతదూరం వెళ్లారో, తర్వాతివాళ్లు ఎక్కడిదాకా చేరారో ఆ పేరే చెబుతుంది.

తర్వాత చెట్లన్నీ పోయాయి. పేరు మిగిలింది. మర్రి లేని మర్రిపాళ్లు, చింత లేని చింతలపాలేలు మనకూ కొత్తకాదు. కానీ మన ఊళ్ల పేర్లు ఎవరూ కూర్చుని కల్పించినవి కావు, కాలం చేసినవి. కాలం చేసే పనిని ఒక మనిషి బల్ల ముందు కూర్చుని చేశాడు, అతుకు కనబడకుండా. సామాన్యుల భాషలో అదే నది గ్రేఫ్లడ్, అంటే బూడిదరంగు ప్రవాహం. నీడ వెలిసిపోయి బూడిదరంగు మిగిలిందని నాకు అనిపిస్తుంది. ఆయన అలా అనుకున్నాడో లేదో గానీ, అలా అనిపించే చోటు మాత్రం వదిలాడు.

చెట్లు ఎవరు కొట్టారన్నది అసలు ప్రశ్న. ఇలాంటి కథల్లో అడవిని తగలబెట్టేది ఎప్పుడూ రాక్షసుడే. పాఠకుడికి ఆ ఏర్పాటు హాయిగా ఉంటుంది. టోల్కీన్ ఇక్కడ ఆ హాయి ఇవ్వలేదు. కొట్టింది నూమెనోరియన్లు. ఆయన ప్రపంచంలో మనుషులందరిలోకీ గొప్పవాళ్లు, నవలలోని వీరులు ఆరగోర్న్‌కూ బోరోమిర్‌కూ ఫరామిర్‌కూ పూర్వీకులు. వాళ్లకు ఓడలు కావాలి, ఓడలకు కలప కావాలి. నావికరాజు తార్-అల్దారియన్ నది మొగలో ఒక రేవు కట్టించి విన్యలోందే, అంటే ‘కొత్తరేవు’, అని పేరు పెట్టాడు. అది పెరిగి పెద్దదయ్యాక లోండ్ దైర్, ‘పెద్దరేవు’ అయింది. ఉత్తరాన ఉన్న రేవులకూ దక్షిణాన లేచిన రేవుకూ మధ్య పడ్డాక దాని పేరులో ‘నడిమి’ అన్న మాట కూడా చేరింది. పేరు మారిన ప్రతిసారీ దాని దశ తిరిగిందన్నమాట.

ముందు నది రెండు గట్ల వెంట నరికారు. దుంగల్ని నీళ్లలోకి దొర్లించి కిందికి వదిలేవారు, అవి తేలుకుంటూ రేవు చేరేవి. గట్ల మీద అయిపోయాక అడవి లోపలికి పెద్ద పెద్ద బాటలు తీశారు, ఉత్తరానికీ దక్షిణానికీ. ఆ అడవిలో మనుషులున్నారు. తక్కువమందేమీ కాదు, చెట్ల మధ్య చెల్లాచెదురుగా బతకడానికి అలవాటుపడినవాళ్లు. నరకడం హద్దు దాటేసరికి వాళ్లు తిరగబడ్డారు, వీలు దొరికిన చోటల్లా మాటు వేశారు. దాంతో నూమెనోరియన్లు వాళ్లను శత్రువుల కింద జమకట్టారు; ఆ తర్వాత చేతికి అడ్డూ అదుపూ లేదు. మళ్లీ ఒక మొక్క నాటాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మిన్‌హిరియత్ వాళ్లు పారిపోయి, బారందుయిన్ నది మొగకు దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఎరిన్ వోర్న్ అనే చీకటి అడవిలో తలదాచుకున్నారు. ఆ నది దాటుదామంటే అవతల ఎల్ఫులున్నారన్న భయం. ఎనెద్వైత్ వాళ్లు తూర్పు కొండలెక్కారు.

ఇక్కడ టోల్కీన్ కత్తి ఎంత సన్నగా దిగిందో చూడాలంటే, అదే పుస్తకంలో అల్దారియన్ భార్య ఎరెండిస్ కథ ఉన్న పుటలు తిప్పాలి. నూమెనోర్‌లో ఇదే అల్దారియన్ అడవుల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. కొట్టిన చోటల్లా నాటించాడు, ఖాళీగా ఉన్న చోట కొత్త వనాలు వేయించాడు. ‘అల్దా’ అంటే చెట్టు. చరిత్రలో ఆయనకు నిలిచిపోయిన పేరులోనే చెట్టుంది. స్వదేశంలో ఒక చెట్టుకు ఇంకో చెట్టు, పరాయి నేలలో మొదలంటా నరుకుడు. ఈ రెండు సంగతులనూ టోల్కీన్ ఎక్కడా పక్కపక్కన పెట్టి వేలెత్తి చూపలేదు. ఒకటి ప్రేమకథలో ఉంది, ఒకటి నది పేరు వివరణలో ఉంది. కలుపుకునే పని మనకే వదిలాడు. వలస పాలన ఎలా ఉంటుందో తెలిసిన పాఠకుడికి కలుపుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

తర్వాత రెండవ యుగం 1693లో చీకటి ప్రభువు సౌరాన్‌కూ ఎల్ఫులకూ యుద్ధం మొదలైంది. అడవి పోగొట్టుకున్న జనం సౌరాన్ పక్షమే కోరుకున్నారు. మరి ఎవరి పక్షం కోరుకుంటారు? వాళ్లే వేగులయ్యారు, దారి చూపించారు. రేవు మీద పడేంత బలం లేకపోయినా, సౌరాన్ దండులు అడవి అంచుల్లో విధ్వంసం చేశాయి, కలప నిల్వల్ని తగలబెట్టాయి. 1700లో నూమెనోర్ నౌకాదళం వచ్చింది, గ్వాత్‌లో దగ్గర సౌరాన్‌ను చిత్తుచేసింది. 1701కి వాణ్ని ఎరియదోర్ అనే ఆ ప్రాంతం నుంచే తరిమేశారు. అప్పటికి పాత అడవిలో చాలాభాగం లేదు. చెట్టూ లేదు, చెట్టు కొట్టిన చోట సేద్యమూ లేదు. పోడు కొట్టినవాడు కనీసం విత్తనం చల్లుతాడు. ఇక్కడ నరికినవాడికి నేలతో పనిలేదు, పని ఉన్నవాడు నేల మీద లేడు.

ఇంతవరకు ఒక ఖాళీ. దాని మీద ఇంకో ఖాళీ పేర్చాడు. రెండవ యుగం చివర్లో ఉత్తరాన ఆర్నోర్, దక్షిణాన గోండోర్ రాజ్యాలు లేచాయి. రెంటినీ కలిపే పెద్దబాట ఈ చిత్తడి మధ్య నుంచే పోవాలి. అలా కట్టింది థార్‌బాద్. పేరు వినగానే మన చెవి మోసపోతుంది. హైదరాబాద్, ఆదిలాబాద్‌ల మధ్య పెరిగిన చెవికి ‘బాద్’ అంటే జనం కాపురమున్న చోటే. అక్కడి భాషలో మాత్రం అది దారి అన్నమాట. థార్‌బాద్ అంటే అడ్డంగా దాటే దారి. ‘ఆబాద్’ ధ్వని ఉన్న ఊరు చివరికి బేచిరాగ్ కావడం ఒక్క తెలుగు పాఠకుడికే దక్కే వింత, టోల్కీన్‌కు తెలియని వింత.

నదికి రెండు వైపులా కరకట్టలు, బాడవ మీదుగా ఎత్తుకట్టల మీద బాట, మధ్యలో వంతెన. రెండు రాజ్యాలూ కలిసి పోషించిన కాపలా అక్కడుండేది. అందులో సైనికులతోపాటు నావికులు, ఇంజనీర్లు ఉన్నారని టోల్కీన్ ప్రత్యేకించి చెప్పాడు. ఇంజనీర్లు అన్న ఆ ఒక్క మాట చూసి నేను ముచ్చటపడ్డాను. కరకట్ట ఒకసారి కడితే అయిపోయే పని కాదు. ఏటేటా గండ్లు పూడ్చాలి, మట్టి పోయాలి. డెల్టాలో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఆ మనుషులు లేచిపోయిన మరుసటి వానాకాలం నుంచే నది తన నేల తాను అడగడం మొదలుపెడుతుంది.

లేచిపోయారు. మూడవ యుగం 1636లో మహామారి వచ్చింది. ఆ ప్రాంతమేలిన కార్డోలాన్ జనంలో ఎక్కువమంది పోయారు, మిన్‌హిరియత్‌లో మరీ ఎక్కువ. ఆ శతాబ్దంతోనే థార్‌బాద్ కాపలా కూడా ముగిసింది. 2911లో భయంకరమైన శీతాకాలం, నదులు గడ్డకట్టాయి, తెల్ల తోడేళ్లు దిగాయి. మరుసటి ఏడు వరదలు మిన్‌హిరియత్‌నూ ఎనెద్వైత్‌నూ ముంచేశాయి, థార్‌బాద్ కూలిపోయి పూర్తిగా నిర్మానుష్యమైంది. కాలపట్టికలో దీనికి రెండు చిన్న వాక్యాలకన్నా ఎక్కువ చోటు దొరకలేదు. బాట ఉత్తరపు కొసను బ్రీ ఊరివాళ్లు గ్రీన్‌వే అంటారు, పచ్చదారి అని. బండ్లు తిరక్క బాట నిండా గడ్డి మొలిచింది గనక ఆ పేరు. నవల మొదట్లోనే ఈ పేరు వస్తుంది, ఎంత అందంగా ఉందో అనుకుని దాటిపోతాం. దాని రెండో కొస థార్‌బాద్ దగ్గర నీళ్లలో ఉందని అప్పుడు తెలియదు.

ఇక 3018. బోరోమిర్ వస్తాడు. బాట లేదు, కట్టలు అక్కడక్కడా చితికిన దిబ్బలుగా మిగిలాయి. ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకు ఊబి తప్పించుకుంటూ థార్‌బాద్ చేరితే, అక్కడా కుంగిపోతున్న మట్టిదిబ్బల మీద శిథిలాలే. వంతెన లేదు. కానీ కూలిన వంతెన రాళ్లు నదిలో పడి, వాటి మీదుగా దిగి దాటేందుకు ఒక ప్రమాదకరమైన రేవు ఏర్పడింది. అక్కడ నది నెమ్మదిగా, లోతు తక్కువగా, బాగా వెడల్పుగా ఉంది గనక దాటడం సాధ్యమైంది, లేకపోతే అదీ లేదు. ఈ అమరిక చూడండి. వంతెన నిలబడి ఉన్నప్పుడు మనిషిని దాటించింది, కూలిపోయాక కూడా దాటిస్తోంది, ఈసారి గుర్రాన్ని బలి తీసుకుని. రాళ్ల సందుల్లో గుర్రం కాలు ఇరుక్కుందా, విరిగిందా, కొట్టుకుపోయిందా అన్నది ఆయన చెప్పలేదు. నీళ్ల అడుగున చెక్కిన రాతి దిమ్మెలు, వాటి మీద పాకుడు, బరువుతో వస్తున్న గుర్రం. చెప్పాల్సిన అవసరం లేదు.

ఈ రేవు గురించిన రాతలోనే టోల్కీన్ ఒక చిత్రమైన ఒప్పుకోలు చేశాడు. ఈ ప్రయాణానికి ఎంత ధైర్యం, ఎంత ఓర్పు కావాలో నవల కథనంలో పూర్తిగా గుర్తించలేదంటాడు. అంటే రచయిత తన పాత్ర తరఫున తన పుస్తకం మీదే ఫిర్యాదు రాసుకున్నాడు. నవల 1954, 55ల్లో వచ్చింది. పదిహేనేళ్లకు దగ్గరవుతుండగా కూడా ఆ రేవు ఆయన్ను వదల్లేదు. బోరోమిర్‌ను ఉంగరానికి ఆశపడి జారిపోయినవాడిగానే గుర్తుపెట్టుకున్న మనలాంటివాళ్లకు ఇది ఒక చురక.

ఈ ఖాళీ పక్కనే ఇంకో ఖాళీ ఉంది. ఎగువన, మిస్టీ మౌంటెన్స్ పాదాల దగ్గర ఎరెగియోన్, మామూలు పేరు హోలిన్. ముళ్ల ఆకుల హాలీ చెట్ల నేల. ఉంగరాలు చేసిన ఎల్ఫు కమ్మరి కెలెబ్రింబోర్ ఊరు. అదే యుద్ధంలో, రెండవ యుగం 1697లో, నేలమట్టమైంది. నాలుగు వేల ఏడు వందల ఏళ్లు దాటాక ఉంగరం బృందం ఆ నేల మీద నడిచింది. అక్కడ టోల్కీన్ చేసిన పని ప్రసిద్ధమే. ఆ ఎల్ఫులను చెట్లూ గడ్డీ మరిచిపోయాయని, రాళ్లు మాత్రం ఇంకా తలుచుకుంటున్నాయని బృందంలోని ఎల్ఫు లెగోలస్ అంటాడు. తవ్వినవాళ్లను, చెక్కినవాళ్లను రాయి గుర్తుంచుకుంది.

రెండు ఖాళీలనూ పక్కపక్కన పెట్టి చూశాకే నాకు మిన్‌హిరియత్ లోతు అర్థమైంది. హోలిన్‌కు సాక్షి ఉంది. రాతి పనివాళ్లు పోతే రాళ్లు మిగిలాయి. మిన్‌హిరియత్ వాళ్లు అడవి జనం; వాళ్లను గుర్తుంచుకుంటే చెట్లే గుర్తుంచుకోవాలి. ఆ చెట్లనే ముందు కొట్టారు. మనుషుల్నీ, వాళ్లను తలుచుకోగల సాక్షినీ ఒకే గొడ్డలితో తీసేశారు. అందుకే లెగోలస్ వంటివాడు థార్‌బాద్ మీదుగా వెళ్లినా అక్కడ వినడానికి ఏమీ ఉండేది కాదు. ఒక ఖాళీ శోకగీతమైంది, ఇంకో ఖాళీ ఒక ప్రయాణికుడి నోట ఒక్క వాక్యంగా మిగిలింది. ఆ తేడా రచయిత ఉద్దేశించి పెట్టాడని నేను కోర్టులో నిరూపించలేను. కానీ ఆయన లోకంలో నియమాలు పాటిస్తే అలాగే తేలుతుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. అడవి జనానికి సొంత పేరొక్కటి దక్కలేదు. వాళ్ల కథంతా నరికినవాళ్ల వైపు నుంచే వింటాం. తీరాన మిగిలిన చేపలుపట్టే జనాన్ని ఆటవికులన్న మాటతో తేల్చేశాడు. ఇంకోటి, రైతు బుద్ధికి అస్సలు మింగుడుపడనిది: రెండు నదుల మధ్య ఒండ్రు నేల 1636 నుంచి 3018 దాకా, 1,382 ఏళ్లు, దాదాపు బీడుగా పడి ఉండటం. మన దగ్గర పాటిదిబ్బ మట్టిని కూడా బండ్లకెత్తి చేలకు తోలుకుంటారు. పక్కనే షైర్‌లో హాబిట్లనే పొట్టి జనం సేద్యంలో ఆరితేరినవాళ్లు. వాళ్ల పిల్లల్లో ఒక్కడికీ దక్షిణాన అంత నేల ఊరికే ఉందన్న ఆశ పుట్టలేదా? టోల్కీన్ దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. మిన్‌హిరియత్ అడవుల్లో బయటికి కనబడకుండా తిరిగే వేటగాళ్లు కొద్దిమంది ఉండేవారని, ఉంగరపు యుద్ధకాలానికి అక్కడక్కడా చెట్లు మళ్లీ దట్టంగా లేచాయని మాత్రం రాశాడు. ఆ వేటగాళ్లు పారిపోయిన పాతజనం సంతతేనని నేను అనుకుంటాను. అడవి తిరిగొచ్చింది, వాళ్లూ తిరిగొచ్చారు, ఎవరికీ చెప్పలేదు.

నవల దగ్గరున్నవాళ్లు మొదటి సంపుటంలో లోత్లోరియెన్‌ను వదిలి బయల్దేరే అధ్యాయం తీయండి, బోరోమిర్ ఆ మాట అనే చోటు వెతకండి. తర్వాత ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’లో గలాడ్రియెల్, కెలెబోర్న్‌ల చరిత్రకు వెనక చేర్చిన అనుబంధాల్లో లోండ్ దైర్ రేవు గురించిన నాలుగు పుటలు చదివి, మళ్లీ ఆ వాక్యం దగ్గరికి రండి. ఈసారి గుర్రం సులువుగా పోదు.